దగ్గును లెక్కపెట్టినవాళ్లు



కరోనా రోజుల్లో కొన్న ఎన్95 మాస్కు ఇప్పటికీ చాలా ఇళ్లలో ఏ బీరువా సొరుగులోనో, స్కూటర్ డిక్కీలోనో పడి ఉంటుంది. అసలు సిసలు సరుకే అయితే దాని మీద చిన్న అక్షరాల్లో కొన్ని గుర్తులు అచ్చు వేసి ఉంటాయి. కంపెనీ పేరు, మోడల్ నంబరు, టీసీ-84ఏ అంటూ మొదలయ్యే అనుమతి సంఖ్య, వాటితో పాటు ఐదు ఇంగ్లిషు అక్షరాలు: ఎన్, ఐ, ఓ, ఎస్, హెచ్. కలిపి పలికితే నయోష్. అదేదో మాస్కుల కంపెనీ అనుకున్నవాళ్లే ఎక్కువ. కాదు. అది అమెరికా ప్రభుత్వం నడిపే పరిశోధనా సంస్థ. పనికి వెళ్లిన మనిషి దెబ్బ తగలకుండా, జబ్బు పడకుండా ఇంటికి రావాలంటే ఏం చేయాలో కనిపెట్టడం దాని పని.

ఎన్95 అన్న పేరు పుట్టింది 1995లో, ఆ సంస్థ రాసిన కొత్త నియమావళిలో. ఎన్ అంటే నూనె తుంపరలకు పనికిరాదని. 95 అంటే గాలిలో తేలే సన్నని కణాల్లో నూటికి 95 అయినా ఆపాలని. పరీక్షకు వాడేది కూరలో వేసుకునే ఉప్పే. దాన్ని ఇంచుమించు 0.3 మైక్రాన్ల రేణువులుగా మార్చి, నిమిషానికి 85 లీటర్ల గాలితో మాస్కు మీదికి తోలతారు. మనిషి వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుందంటే ఆ రేణువు ఎంత సన్ననిదో ఊహించుకోవచ్చు. మరి అంతకంటే చిన్నవాటితో ఎందుకు పరీక్షించరు? పెద్ద రేణువులు పోగులకు కొట్టుకుని ఆగిపోతాయి. మరీ చిన్నవి నిలకడ లేకుండా గంతులేస్తూ ఎక్కడో ఒకచోట తగులుకుంటాయి. తప్పించుకుపోయేవి ఈ మధ్యరకమే. గడసరి దొంగ దొరికితే మిగతావాళ్లు దొరికినట్టే.

ఇంకో సంగతి. ఆ మాస్కు లోపలి పొర వట్టి జల్లెడ కాదు, దానికి విద్యుదావేశం ఎక్కించి ఉంటుంది. తల దువ్విన ప్లాస్టిక్ దువ్వెన కాగితం ముక్కల్ని లాగినట్టు అది ధూళిని లాగి పట్టుకుంటుంది. సబ్బు పెట్టి ఉతికి దండెం మీద ఆరేసిన మాస్కులో ఆ లాగే గుణం పోతుంది. చెవులకు తగిలించుకునే తీగలతో 2020లో బజారులో గుట్టలు పోసి అమ్మినవాటిని కూడా అనుమానించాల్సిందే. ఆ సంస్థ ముద్ర ఉన్న మాస్కుకు తల చుట్టూ వేసుకునే రెండు పట్టీలు ఉంటాయి. మొహానికి బిగుతుగా అతుక్కోకపోతే పక్కల సందుల్లోంచి వచ్చే గాలిని ఏ పొరా ఆపదు.

ఇంత చెప్పాక ఒక మాట. ఆ సంస్థలో పనిచేసేవాళ్ల దృష్టిలో మాస్కు గొప్ప రక్షణేమీ కాదు, చివరి ఆసరా. ముందు ఆ ప్రమాదకర పదార్థాన్నే మానేయగలమా అని చూడాలి. కుదరకపోతే దాని బదులు మరొకటి. అదీ కుదరకపోతే మూత పెట్టడం, గాలి బయటికి లాగేయడం, నీళ్లు చల్లడం. అన్నీ అయ్యాక మాస్కు. మన దగ్గర వరుస తలకిందులుగా ఉంటుంది. మాస్కు చేతిలో పెట్టి బాధ్యత తీరిందనుకుంటారు. అదీ ఇచ్చినవాళ్లు మంచివాళ్ల కింద లెక్క.

ఈ సంస్థ పుట్టుక వెనక ఒక చట్టం ఉంది. 1970 డిసెంబరు 29న అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన వృత్తి భద్రత చట్టం రెండు సంస్థలను పుట్టించింది. ఒకటి కార్మిక శాఖ కింద ఉండే ఓషా. నిబంధనలు పెడుతుంది, తనిఖీ చేస్తుంది, జరిమానా వేస్తుంది. రెండోది ఆరోగ్య శాఖ కింద ఉండే నయోష్. దానికి లాఠీ లేదు. లోపలికి వెళ్లి చూసే హక్కు, పరీక్ష చేసే పరికరాలు, లెక్క రాసే పుస్తకం మాత్రమే ఉన్నాయి. పోలీసుని ఒకచోట, డాక్టరుని ఒకచోట పెట్టిన ఈ ఏర్పాటు తెలివైనదే. జరిమానా వేసేవాడికి ఎవరూ నిజం చెప్పరు.

ఆ చట్టానికి సుమారు మూడు నెలల ముందు ఒక వృద్ధురాలు 101 ఏళ్ల వయసులో కన్నుమూసింది. పేరు ఆలిస్ హామిల్టన్. హార్వర్డ్ విశ్వవిద్యాలయం అధ్యాపకురాలిగా తీసుకున్న మొదటి మహిళ. 1910లో ఇల్లినాయ్ రాష్ట్ర ప్రభుత్వం కోసం సీసం విషం మీద సర్వే చేసినప్పుడు ఆవిడ ఫ్యాక్టరీ ఆఫీసులో ఇచ్చిన కాగితాలతో సరిపెట్టుకోలేదు. కార్మికుల ఇళ్లకు వెళ్లింది, భార్యలను అడిగింది, మందుల కొట్లవాళ్లను కదిపింది. మనవాళ్లు కాళ్లరిగేలా తిరగడం అంటారే, అది.

స్నానపు తొట్టెలకు తెల్లపూత వేసే ఫ్యాక్టరీకి వెళ్తే, ఇక్కడ సీసమే లేదు పొమ్మన్నారు. చూపించిన చోట నిజంగానే ప్రమాదం కనపడలేదు. తర్వాత జబ్బుపడ్డ ఒక కార్మికుడి ఇంటికి వెళ్తే అసలు గుట్టు తెలిసింది. ఆవిడకు చూపించింది చివరి మెరుగులు దిద్దే గది. ఎర్రగా కాలిన తొట్టె మీద పొడి చల్లే అసలు పని జరిగేది వేరే చోట. అక్కడికి వెళ్లి పూతపొడి తెచ్చి పరీక్ష చేయిస్తే 20 శాతం దాకా సీసం తేలింది. 1987లో సిన్సినాటిలోని నయోష్ ప్రయోగశాలకు ఆవిడ పేరు పెట్టారు. గుమ్మం మీద పేరు సంగతి అలా ఉంచితే, ఆవిడ పద్ధతి మాత్రం ఆ సంస్థకు ఒంటబట్టింది. ఎలా ఒంటబట్టిందో చెప్పడానికి ఒక వెన్న కథ ఉంది.

మిస్సోరీ రాష్ట్రంలో జాస్పర్ అనే చిన్న ఊరు. అక్కడ మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టుకునే పాప్‌కార్న్ ప్యాకెట్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటి. సోయా నూనె, ఉప్పు, రంగు, వెన్న వాసన వచ్చే సరుకు, వీటిని వేడి తొట్టెల్లో కలిపి మొక్కజొన్న గింజలతో పాటు సంచీలో నింపుతారు. తినే వస్తువు, దొంగచాటు పని కాదు. వెన్న వాసన ఇచ్చే ఆ పదార్థం పేరు డైఅసిటైల్. అసలు వెన్నలో కూడా సహజంగా ఉండేదే. తినడానికి ప్రమాదం లేదని ప్రభుత్వమే ఒప్పుకున్నది.

2000 మే నెలలో ఒక వైద్యుడు రాష్ట్ర ఆరోగ్య శాఖకు కబురు పెట్టాడు. ఆ ఒక్క ఫ్యాక్టరీలో పనిచేసి మానేసిన ఎనిమిది మందికి అరుదైన ఊపిరితిత్తుల జబ్బు ఉందని. అంతకు ముందు వాళ్లలో ఒకరిది ఉబ్బసం అన్నారు, ఇంకొకరిది బ్రాంకైటిస్ అన్నారు, మరొకరికి న్యుమోనియా మందులిచ్చారు. ఎవరి డాక్టరు వారికి, ఎవరి మందుచీటీ వారికి. ఒక డాక్టరు ముందు ఒక్క దగ్గే ఉంటుంది. పక్క ఊరి డాక్టరు ముందు అదే దగ్గు దగ్గుతున్న మనిషి అదే ఫ్యాక్టరీ వాడని ఆయనకు తెలిసేదెలా? ఆ జబ్బు పేరు బ్రాంకియోలైటిస్ ఆబ్లిటరాన్స్. ఊపిరితిత్తుల్లో గాలి వెళ్లే చిట్టచివరి సన్నగొట్టాలు మచ్చకట్టి మూసుకుపోతాయి. పీల్చే మందుతో తెరుచుకోవు. వారిలో కొందరు ఊపిరితిత్తుల మార్పిడి కోసం వరుసలో ఉన్నారు.

ఆరోగ్య శాఖ పిలిస్తే మోర్గన్‌టౌన్‌లోని తన ప్రయోగశాల నుంచి నయోష్ బృందం బయల్దేరింది. కాథ్లీన్ క్రైస్ అనే వైద్యురాలు నడిపిన పరిశోధన అది. అప్పటికి పనిలో ఉన్న 117 మందిని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు, గొట్టంలోకి గట్టిగా ఊదించి ఊపిరి కొలిచారు, గది గదిలో గాలి పట్టారు. లెక్క తేలింది. శ్వాసనాళాల్లో అడ్డంకి మామూలు జనంలో ఉండాల్సిన దానికి 3.3 రెట్లు ఉంది. సిగరెట్లు తాగి తెచ్చుకున్నారు అనడానికి వీల్లేకుండా ఇంకో లెక్క వచ్చింది. ఎన్నడూ పొగ తాగనివారిలో అది దాదాపు 11 రెట్లు!

అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నది తొట్టె మూత తీసి వాసన సరుకు పోసి కలిపేవాళ్లు. వాళ్ల తర్వాత ఎవరూ ఊహించని మనుషులు: నాణ్యత పరీక్షించేవాళ్లు. షిఫ్టుకి వంద ప్యాకెట్ల దాకా ఓవెన్‌లో పేల్చి, సంచీ చింపి, ఆవిరి మొహాన కొడుతుండగా చూడటం వాళ్ల పని. అలాంటి ఆరుగురిలో ఐదుగురికి ఊపిరి అడ్డంకి ఉంది. మోర్గన్‌టౌన్ ప్రయోగశాలలో ఎలుకలకు అదే వెన్న వాసన ఆవిరి ఆరు గంటలు పట్టిస్తే వాటి శ్వాసనాళాల లోపలిపొర కాలినట్టు చచ్చిపోయింది. నోటితో తింటే అరిగిపోయేది, వేడెక్కి ఆవిరై ముక్కులోకి వెళ్తే గొట్టాలు మూసేస్తుందా అని అంతవరకూ అడిగినవాళ్లు అరుదు. ఆహార పరీక్షల్లో ముక్కు ప్రసక్తే లేదు మరి.

అక్కడితో వదిలేస్తే అది ఒక పరిశోధన పత్రంగా మిగిలేది. వాళ్లు మళ్లీ మళ్లీ వెళ్లారు. తొట్టెలకు మూతలు బిగించండి, కలిపే గదిని మిగతా ఫ్యాక్టరీ నుంచి విడగొట్టండి, ఆవిరి పుట్టిన చోటే లాగేసే ఫ్యాన్లు పెట్టండి, అంతదాకా ముసుగులు వేసుకోండి. ప్రతిసారీ గాలి కొలిచి తేడా చూపించారు. 2003లో దేశమంతటి వాసనద్రవ్యాల పరిశ్రమలకు హెచ్చరిక పత్రం పంపారు. 2007 నుంచి పెద్ద కంపెనీలు పాప్‌కార్న్‌లో డైఅసిటైల్ మానేస్తూ వచ్చాయి.

ఇది గెలిచిన కథ. గెలిచి మళ్లీ ఓడిన కథ బొగ్గుది.

సింగరేణి ప్రాంతంలో బొగ్గుబాయి అన్న మాట వినని ఇల్లు ఉండదు. అమెరికాలో అలాంటి నేల అపలాచియన్ కొండలు. 1968 నవంబరు 20న వెస్ట్ వర్జీనియాలోని ఫార్మింగ్టన్ దగ్గర గని పేలి 78 మంది చనిపోయారు. అందులో 19 మంది శవాలు ఇప్పటికీ బయటికి రాలేదు. పేలుడు దేశాన్ని కదిలించింది. కానీ గనివాళ్లు తర్వాతి ఫిబ్రవరిలో వేల సంఖ్యలో సమ్మెకు దిగింది పేలుడు కోసం కాదు, దగ్గు కోసం. బొగ్గుధూళి పేరుకుని నల్లబడి గట్టిపడే ఊపిరితిత్తుల జబ్బును అక్కడ నల్ల ఊపిరి అంటారు. అది పనివల్ల వచ్చిన జబ్బేనని ఒప్పుకోవాలన్నారు. 1969 చివర చట్టం వచ్చింది. గాలిలో ధూళికి హద్దు పెట్టింది. గనిలో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఉచితంగా ఎక్స్‌రే తీయాలంది. జబ్బు మొదలైనట్టు తేలితే కూలి తగ్గకుండా ధూళి తక్కువున్న చోటికి మారే హక్కిచ్చింది. ఎక్స్‌రేల బాధ్యత ఆ తర్వాత పుట్టిన నయోష్ మీద పడింది.

ఎక్స్‌రే అంటే తీయడం తేలిక, చదవడం కష్టం. ఒక డాక్టరుకు మచ్చ కనిపిస్తే ఇంకొకరికి నీడ కనిపిస్తుంది. అందుకని ప్రామాణిక ఫిల్ములు పక్కన పెట్టుకుని పోల్చి చదవడానికి ప్రత్యేకంగా పరీక్ష పెట్టి, నెగ్గినవారికి బి రీడర్ అని పేరిచ్చారు.  ఫలితం కాగితం మీద కనపడింది. పాతికేళ్లు, అంతకు పైగా గనుల్లో ఉన్నవారిలో 1970ల మొదట్లో మూడోవంతు మందికి ఉన్న జబ్బు 1990ల చివరికి 5 శాతం చుట్టుపక్కలకు దిగింది. ఇంకొన్నేళ్లలో కనుమరుగవుతుందనుకున్నారు.

అవలేదు. 2016లో తూర్పు కెంటకీలో ఒక రేడియాలజిస్టు తన దగ్గరికి వస్తున్న ఎక్స్‌రేలు చూసి నయోష్‌కు కబురు చేశాడు. అతని ఒక్కడి క్లినిక్‌లో 20 నెలల్లో ఆ జబ్బు ముదిరిన దశలో ఉన్నవాళ్లు 60 మంది! నయోష్ లెక్కల్లో అంత లేదు. ఎందుకు లేదో వెతికితే తెలిసింది: ఉచిత ఎక్స్‌రేకు వచ్చేవాళ్లు చాలా తక్కువ. జబ్బని తేలితే ఉద్యోగం పోతుందన్న భయం. పని మానేశాక, ఊపిరి ఆడక క్లినిక్‌కు వస్తున్నారు. తర్వాత వర్జీనియా నైరుతి మూల మూడు క్లినిక్‌ల దస్త్రాలు తిరగేస్తే 2013 నుంచి 2017 వరకు 416 మంది తేలారు. మధ్య అపలాచియాలో పాతికేళ్లు దాటిన గనివాళ్లలో ప్రతి ఐదుగురిలో ఒకరికి నల్ల ఊపిరి ఉందని 2018లో ప్రకటించారు.

కారణం భూమిలోనే ఉంది. మందంగా ఉన్న బొగ్గు పొరలు తరిగిపోయాయి. పలచని పొర కోసం పైనా కిందా ఉన్న రాయిని కూడా యంత్రం కోసుకుంటూ పోతుంది. ఆ రాయిలో ఉండేది సిలికా, అంటే ఇసుకలో మెరిసే పదార్థమే. బొగ్గుధూళి కంటే ఎన్నో రెట్లు విషం. యంత్రాలు బలిశాయి, షిఫ్టులు పొడుగయ్యాయి. ధూళి కొలిచే పద్ధతిలోనూ కన్నాలున్నాయి. వడపోత కాగితం మీద ధూళి పట్టి లాబ్‌కి పంపితే ఫలితం వచ్చేసరికి వారాలు గడిచేవి. ఆ పరికరాన్ని శుభ్రమైన గాలిలో వేలాడదీసి తెచ్చిన ఘనులూ పట్టుబడ్డారు.

దీనికి నయోష్ ఇంజనీర్లు తయారుచేయించిన జవాబు చూడముచ్చటైనది. నడుముకు కట్టుకునే పెట్టె. ఒక సన్నగొట్టం ముక్కుకు దగ్గర్లో గాలి పీల్చుకుంటుంది. పెట్టె లోపల చిన్న బోలు కడ్డీ ఒకటి తంబూరా తీగలా ఎప్పుడూ కంపిస్తూ ఉంటుంది, దాని కొసన వడపోత బిళ్ల. ధూళి పడిన కొద్దీ బరువు పెరిగి కంపనం మందగిస్తుంది. ఎంత మందగించిందో చూసి ఎంత ధూళి పడిందో అక్కడికక్కడ తెరమీద చూపిస్తుంది. పనిచేసే మనిషి కిందికి చూసి, ఈ మూల ధూళి ఎక్కువైంది, గాలి తెర సరిచేయండి అని ఆ షిఫ్టులోనే అడగొచ్చు. 2016 నుంచి అమెరికా భూగర్భ బొగ్గు గనుల్లో దాన్ని తప్పనిసరి చేశారు. అయితే అది మొత్తం ధూళినే తూస్తుంది. అందులో సిలికా ఎంతో చెప్పలేదు. 2024 ఏప్రిల్‌లో గనుల్లో సిలికా హద్దును ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములకు తగ్గిస్తూ నియమం వచ్చింది. మరుసటి ఏడాది కోర్టులో చిక్కుకుని అమలు ఆగింది.

దెబ్బల సంగతి చెప్పకపోతే ఈ సంస్థ కథ సగమే అవుతుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో స్పోకేన్ అనే ఊళ్లో దానికో ప్రయోగశాల ఉంది. ఒకప్పుడు గనుల బ్యూరోది, 1990లలో ఆ బ్యూరోను మూసేశాక నయోష్‌కు వచ్చింది. అలాస్కా సముద్రంలో చేపల పడవల మీద వల లాగడానికి వించ్ అనే తిరుగుడు పీప ఉంటుంది. తడి డెక్ మీద కాలు జారితే తాడుతో పాటు మనిషిని కూడా చుట్టేసుకుంటుంది. ఆపే మీట ఎక్కడో దూరంగా, చేతికి అందదు. ఇంజనీర్లు చేసిందల్లా ఆపే బొత్తాన్ని ఆ తిరిగే పీప నెత్తిమీదే పెట్టడం. చుట్టుకుపోతున్న మనిషి రెండో చేత్తోనో, ఒంటితోనో నొక్కితే చాలు, ఆగిపోతుంది. ఇంత చిన్న విషయానికి పరిశోధన కావాలా అనిపిస్తుంది. అంతకుముందు ఏళ్ల తరబడి ఎవరికీ తట్టలేదు మరి.

ట్రాక్టరు సంగతీ ఇంతే. డ్రైవరు సీటు వెనక ద్వారబంధంలా నిలబడే ఇనుప చట్రం, దానితో పాటు నడుము బెల్టు. ట్రాక్టరు పల్టీ కొట్టినా మనిషి దాని కింద నలిగిపోడు. రెండూ కలిసి ఉంటే 99 శాతం కాపాడుతుందని నయోష్ లెక్క. అమెరికా పొలాల్లో ప్రాణాలు తీసే ప్రమాదాల్లో ట్రాక్టరు పల్టీదే పెద్దపీట. అయినా పాత ట్రాక్టర్లకు చట్రం బిగించుకోమంటే, ఇరవై ఏళ్లుగా నడుపుతున్నా, నాకేం కాలేదు అనే రైతులకు కొదవలేదు. ఆ మాట ఏ దేశంలో అన్నా ఒకేలా వినిపిస్తుంది.

చివరికి దెబ్బ ఈ సంస్థకే తగిలింది. 2025 ఏప్రిల్ 1న దాని సిబ్బందిలో అత్యధికులకు ఉద్యోగం తీసేస్తున్నట్టు నోటీసులు అందాయి. అమెరికా ఆరోగ్య శాఖ మొత్తంగా పదివేల మందిని తగ్గించిన రోజది. మోర్గన్‌టౌన్‌లో గనివాళ్ల ఎక్స్‌రేలు చదివే పని నిలిచిపోయింది. స్పోకేన్‌కూ నోటీసులు వెళ్లాయి. మాస్కులకు అనుమతి ముద్ర వేసేవాళ్లూ ఆ జాబితాలో ఉన్నారు. వెస్ట్ వర్జీనియాలో ఒక గని కార్మికుడు కోర్టుకెక్కాడు. అతని వాదన సూటిగా ఉంది: నా ఊపిరితిత్తులను కనిపెట్టి ఉంటామని చట్టం మాటిచ్చింది, కనిపెట్టేవాళ్లనే ఇంటికి పంపితే ఎలా? మే 13న ఫెడరల్ జడ్జి ఐరీన్ బెర్గర్ శ్వాసకోశ విభాగాన్ని తిరిగి నిలబెట్టాలని ఆదేశించింది. ఆ వారంలోనే సంస్థలో 300 మందికి పైగా నోటీసులు రద్దయ్యాయి. యాభై ఏళ్లు కట్టిన లెక్కల పుస్తకం మూతపడటానికి ఒక్క ఈమెయిలు సరిపోయింది. తెరిపించడానికి దగ్గుతున్న మనిషే కోర్టుదాకా వెళ్లాల్సి వచ్చింది.

మన దేశంలో ఇలాంటి సంస్థ లేదా అంటే, ఉంది. అహ్మదాబాద్‌లో జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ, 1966లో మొదలైంది. దాని పని మన పలకాబలపం దాకా వచ్చింది. పలకలకు మార్కాపురం ఎలాగో, బలపాలకు మధ్యప్రదేశ్‌లోని మందసౌర్ అలాగ. పలకరాయిని కరెంటు రంపం మీద సన్న కడ్డీలుగా కోస్తే బలపం అవుతుంది. పొడి కోత కాబట్టి తెల్లటి దుమ్ము మేఘంలా లేస్తుంది. ఆ సంస్థ శాస్త్రవేత్తలు అక్కడికి వెళ్లి 593 మందికి పరీక్షలు చేసి 1985లో ప్రచురించిన లెక్క ప్రకారం 324 మందికి సిలికోసిస్ ఉంది. అంటే నూటికి 54 మందికి పైగా. అక్షరాభ్యాసం రోజున పిల్లవాడి చేతికిచ్చే వస్తువు వెనక ఇంత ఉందని ఎవరనుకున్నారు? ఆ దుమ్మును రంపం దగ్గరే లాగేసే యంత్రాల అవసరాన్ని ఆ లెక్కలే బయటపెట్టాయి.

అదే సిలికా దుమ్ము ఇవాళ మన వీధిలోనే లేస్తోంది. గ్రానైటు కావచ్చు, వంటగది గట్టుకు వేసే కృత్రిమ రాయి కావచ్చు. ఈ చివరిదానిలో సిలికా 90 శాతం దాటి కూడా ఉంటుంది. దాన్ని కోసిన యువకులు పెద్ద సంఖ్యలో జబ్బుపడటంతో ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ రాయినే నిషేధించింది. ఇక్కడ గృహప్రవేశం తొందరలో, మేస్త్రీ కుర్రాడు మూతికి చేతిరుమాలు కట్టుకుని, కొత్త ఇంటి హాల్లోనే కూర్చుని కటర్‌తో టైలు కోస్తుంటాడు. తలా, కనురెప్పలూ తెల్లబడతాయి. ఆ తెలుపు కడిగితే పోతుంది. కంటికి కనపడనంత సన్నని ధూళే ఊపిరితిత్తి అడుగుకు చేరేది. దాన్ని చేతిరుమాలు ఆపలేదు.

ఇంట్లో రాతిపని పెట్టుకున్నవాళ్లు ఒక్క పని చేయించాలి. పొడిగా కోయనివ్వొద్దు. బ్లేడు మీద నీళ్లు పడే ఏర్పాటు ఉన్న కటర్లు బజారులో దొరుకుతాయి. కరెంటుతో నడిచేది కాబట్టి మామూలు కటర్ మీద నీళ్లు గుమ్మరించకుండా అలాంటి మిషనే తెప్పించాలి. కోత గది బయట, గాలి ఆడే చోట పెట్టించాలి. బ్లేడుకు నిమిషానికి అర లీటరు నీళ్లు అందితే పీల్చే దుమ్ము దాదాపు 90 శాతం తగ్గుతుంది.